ఏ నీళ్లు తీసుకెళ్లాయి

మొదటి తాళం తెరుచుకుంది. రెండోది తెరవడానికి మనిషి రాలేదు. నాచారంలో మా వీధి వెనకున్న చెరువు గట్టు మీద, మిట్టమధ్యాహ్నం జోరువానలో, షట్టర్లు ఎత్తే లస్కర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చెరువు అలుగు దాటి మా వీధిలోకి దిగుతోంది.

"పగలగొట్టు తమ్మీ," అన్నాను.

"నాదైతే గిప్పుడే పగలగొడ్తుంటి సార్. గది ప్రాజెక్టోళ్ల తాళం. రేపు కేసైతే మీరొస్తరా?"

"వాళ్ల మనిషేడి?"

"ఉప్పల్ చౌరస్తాల ఇరుక్కున్నడంట. వస్తున్న, వస్తున్న అంటుండు. జాడ లేదు."

చివరికి ఎవరో బండరాయితో కొట్టారు. తాళం ఊడింది, షట్టర్ లేచింది. అంతకు ముందో, ఆ తర్వాతో, మా వీధి మూలన టిఫిన్ బండి నడిపే ఆయన కనబడకుండా పోయాడు.

రెండు తాళాల సంగతి చెప్పాలి. వానలు తీరు మార్చుకుని ఒక్కపూటలో కుమ్మరించడం మొదలయ్యాక, ఒక విదేశీ దాత సంస్థ డబ్బుతో చెరువు దిగువన ప్రాజెక్టు వచ్చింది. వరదను నెమ్మదింపజేయడానికి అక్కడున్న దిగువ చెరువులో రెల్లు నాటారు. మా చెరువు తూముకున్న షట్టర్ మాత్రం నీటిపారుదల శాఖదే. ఎత్తితే రెల్లు కొట్టుకుపోతుందని ప్రాజెక్టు వాళ్ల భయం. ఎత్తకపోతే వీధి మునుగుతుందని శాఖ భయం. ఉప్పల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో సమన్వయ సమావేశం పెట్టారు. పత్రిక తరఫున నేనూ వెళ్లాను. షట్టర్ చక్రానికి అడ్డంగా ఇనుపపట్టీ వేసి, దానికి ఇద్దరూ చెరో తాళం వేయాలి, ఇద్దరూ ఒప్పుకుంటేనే తీయాలి. అదీ తీర్మానం. ఎవరి మర్యాదా తగ్గలేదు కాబట్టి హాలంతా చప్పట్లు.

ఆ పూట ఇడ్లీ, వడ తెచ్చింది టిఫిన్ బండి ఆయనే. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. "మా ఆవిడా నేనూ ఇంటికి చెరో తాళం వేస్తే, ఇంక ఆ రాత్రి పడక గుమ్మంలోనేనండీ," అన్నాడు చట్నీ వడ్డిస్తూ.

"నువ్ ముందు సాంబారు పొయ్యవయ్యా, తాళాలు మేం జూస్కుంటం," అన్నాడొక ఇంజనీరు. అందరం నవ్వాం.

వాన రోజున ఆయన, "బండి లాక్కొచ్చేస్తా, నువ్వు కదలకు," అని భార్యతో చెప్పి వీధిలోకి దిగాడట. బండి మర్నాడు దొరికింది. వీధి నీళ్లు నాలాలో పడే చోటికీ, తూము కాలువకూ మధ్యనున్న మట్టిదిబ్బ మీద నిటారుగా నిలబడి ఉంది. చట్నీ గిన్నె మూత కూడా ఊడలేదు.

చిక్కంతా అక్కడే. అలుగు దాటి వీధిలోకి వచ్చిన నీళ్లు నాలా పట్టుకుని మూసీకి పోతాయి. తూములోంచి వదిలినవి దిగువ చెరువులోకి పోతాయి. షట్టర్ లేవకముందే ఆయన కొట్టుకుపోతే నాలాలో వెతకాలి. లేచాకైతే తూము కాలువే లాక్కుపోయి ఉంటుంది, దిగువ చెరువులో వెతకాలి. ఆ కాసేపూ గట్టు మీదున్న వాళ్లమంతా తాళం వైపే చూస్తున్నాం.

నాలా పొడుగునా అంబర్‌పేట్ దాకా వెతికారు. దొరకలేదు. ఇక దిగువ చెరువు తోడించాలి. తాళం పగిలింది శాఖ లస్కర్ ఎదుటే కనుక శాఖే తోడించాలని ప్రాజెక్టు ఆఫీసు అంటుంది. దిగువ చెరువు ప్రాజెక్టుకు అప్పగించేశాం, వాళ్లే చూసుకోవాలని శాఖ అంటుంది.

ఆయన భార్య పొద్దున నాలా ఒడ్డున, సాయంత్రం దిగువ చెరువు ఒడ్డున కనిపిస్తుంది. రెల్లు ఇప్పుడు మనిషెత్తు పెరిగింది. గాలికి ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా ఆవిడ లేచి నిలబడుతుంది. నన్ను చూస్తే అడిగేది ఒకటే.

"అన్నయ్యగారూ, మీరక్కడే ఉన్నారుగా. ఆయన కేక తాళం పగలకముందు వినపడిందా, పగిలాకా?"

ఒక కేక విన్నమాట నిజం. ఇనుము మీద రాయి పడ్డ చప్పుడూ విన్నాను. ఏది ముందో ఎంత తలుచుకున్నా తేలదు. వాన మొదలైతే చాలు, రెండూ కలిసే వినపడతాయి. ఆవిడకు అదే చెప్తాను. తల ఊపి, మళ్లీ నీళ్ల వైపు తిరుగుతుంది.

మొన్నటి సమన్వయ సమావేశంలోనూ తోడించడం ఎవరి పనో తేలలేదు. దిగువ చెరువులో ఇంతవరకూ ఎవరూ వెతకలేదు.