కుంకుమ పెట్టెలో పట్టు కుచ్చు

కొత్త పెట్టె ఏది చేతికొచ్చినా నేను మొదట మూత తీసి లోపల వాసన చూస్తాను. తర్వాత గోటితో అంచు గీకి, జిగురు దేనితో కలిపారో ఆరా తీస్తాను. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఈ రోగం నాకు హిందూపురంలో, పెళ్ళై వచ్చిన రెండో ఏట అంటుకుంది. అరవైల మొదట్లో సంగతి.

మా అత్త కుంకుమ చేసేది. పసుపు కొమ్ముల్ని నిమ్మరసంలో వెలిగారం, పటిక కలిపి నానబెట్టి, నీడలో ఆరబెట్టి, రోట్లో దంచి, పాత పంచెగుడ్డలో జల్లించి, చివర్న నాలుగు చుక్కలు నువ్వుల నూనె వేసి చేత్తో మెదిపేది. అంగట్లో దొరికే కుంకుమ నుదుట పెడితే దురద. మా అత్తది పెడితే మర్నాడు కడుక్కున్నా ఎర్రటి చాయ కొంచెం మిగిలేది. వీధి వీధంతా మా ఇంటి కుంకుమే పెట్టుకునేది.

కానీ అత్త ఎవరి చేతికీ కుంకుమ ఇచ్చేది కాదు. ఆమె చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. అలాంటి చేతి నుంచి ఎవరూ కుంకుమ తీసుకోరు. దంచేది ఆమేనని అందరికీ తెలుసు, దానికి పట్టింపు లేదు. పొట్లం అందించే చెయ్యి మాత్రం ముత్తైదువది కావాలి. నేను కాపురానికి రాకముందు ఎదురింటావిడ వచ్చి ఇచ్చిపోయేదట. నేను వచ్చాక ఆ కొలువు నాకు దక్కింది. ఎవరైనా గడప దగ్గర పిలిస్తే అత్త చటుక్కున లోపలికి వెళ్ళిపోయేది, నేను కొంగుకు చేయి తుడుచుకుని పొట్లం తీసుకెళ్ళేదాన్ని. నాకు ఒళ్ళు మండేది. పని ఆమెది, పుణ్యం నాది!

ఆ రోజుల్లో ధర్మవరం చీరల వ్యాపారి ఒకాయన పట్టు కోసం హిందూపురం వచ్చిపోతుండేవాడు. మా ఆయనకు తెలిసినవాడు. ఒకసారి మా ఇంట్లో కాఫీ తాగుతూ అన్నాడు: "పెండ్లి చీర కొనేటోళ్ళకు దాంతోపాటు ఒక చిన్న కుంకుమ పెట్టె పెట్టిస్తే బాగుంటాదమ్మా. కుంకుమ మీది. పెట్టె గూడా మీరే చూసి పెట్టల్ల. శ్రావణానికి కావల్ల నాకు."

ఆయన వెళ్ళాక అత్త రోలు కడగడానికి కూర్చుంది. కడుగుతూ నన్ను అడిగింది: "పాపా, పెట్టెలో పోసి మూతేసి పంపిస్తే అది ఎవురి చెయ్యో ఎవురికి తెలుస్తాది?"

"ఎవురికీ తెలీదు అత్తా."

"ఈడ నువ్వు తీసుకపోయి ఇచ్చే పని గూడా ఉండదు."

"ఉండదు."

ఆమె ముఖం అంత తేటగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. దాంతో నాకు పట్టుదల వచ్చింది. మంచి పెట్టె వెతకాలి. ఆ పని నాకిమ్మని అడిగి మరీ తీసుకున్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక పాడు అలవాటు ఉంది, ఏదైనా విప్పి చూడందే నిద్ర పట్టదు. పెళ్ళైన కొత్తలో మా ఆయన అలారం గడియారం విప్పి, మూడు మరలు మిగిల్చి బిగించాను. అందుకే పెట్టెల పని నేను తీసుకున్నానని వినగానే ఆయన "ఇంక కుంకుమకు మూడినట్లే" అన్నాడు. నేను లెక్కచేయలేదు. ఒకే రోట్లో దంచిన కుంకుమను ఆరు రకాల వాటిల్లో పోసి వంటింటి అలమారలో పెట్టాను: పిప్పరమెంటు డబ్బా ఒకటి, చిన్న గాజుసీసా ఒకటి, చన్నపట్నం కొయ్య భరిణె ఒకటి, వెదురు గొట్టం ముక్క ఒకటి, మోదుగాకు పొట్లం ఒకటి, నేనే మడిచి అతికించిన అట్టపెట్టె ఒకటి. రోజూ మూతలు తీసి చూడడం, వేలితో రుద్దడం, మళ్ళీ మూయడం. "అన్నం ఉడికిందేమోనని చూసినట్లు చూస్తాండావే" అని అత్త నవ్వేది.

నెల తిరిగేసరికి ఒక్కో దాని గుణం బయటపడింది. పిప్పరమెంటు డబ్బా మూలల్లో తుప్పు లేచింది, నిమ్మరసం పులుపు ఊరుకుంటుందా మరి. సీసాలో కుంకుమ బాగానే ఉంది గాని కిటికీ వైపున్న భాగం వెలిసిపోయింది. పైగా రైల్లో సీసా పగలకుండా ధర్మవరం చేరుతుందని నమ్మకమేమిటి? కొయ్య భరిణె నూనెంతా తాగేసి కుంకుమను దుమ్ముగా మార్చింది. వెదురు బూజు పట్టింది. ఆకు ఎండి చిట్లింది. ఇన్నింట్లోనూ నా చేతి వంకర అట్టపెట్టే గెలిచింది. అందులో కుంకుమ మెత్తగా, ఎర్రగా, పోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

పెనుకొండలో సర్కారు కచేరీల రిజిస్టర్లకు అట్టలు కట్టే ముసలాయన ఒకడు ఉండేవాడు. రైలెక్కి ఆయన దగ్గరికి వెళ్ళాను. అరచేతిలో ఇమిడే గుండ్రటి అట్టపెట్టెలు కావాలన్నాను. ఆయన అద్దాలు పైకి జరుపుకుని "ఇంతవరకూ చదరం పనే చేసినానమ్మా, గుండ్రం పని చేయలే" అన్నాడు గాని, ఒక చెంబు చుట్టూ తడి అట్ట చుట్టి అప్పటికప్పుడు ఒకటి చేసి చూపించాడు. నేను జిగురు గిన్నె వాసన చూశాను. మైదా జిగురులో నీలంగా ఏదో కనిపించింది.

"ఇదేమి తాతా?"

"మైలుతుత్తం. పురుగు తినకుండా ఏస్తాం."

"నుదుట పెట్టుకునేదానికి విషం పక్కన పెడితే ఎట్ల?"

ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. కానీ నేను పట్టు వదల్లేదు. చివరకు మా పెట్టెలకు ఉత్త మైదా జిగురు వాడడానికీ, లోపల మైనం రాసిన కాగితం పరవడానికీ ఒప్పుకున్నాడు. ఇక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నా తెలివి ఆగలేదు.

మా ఆయన చిన్నాన్న కూతురికి ఎవరో ఇచ్చిన మొహం పౌడరు డబ్బా ఉండేది. అందులో ఒక మెత్తటి కుచ్చు. అది చూసినప్పటి నుంచి, మన కుంకుమ మీద కూడా అలాంటి కుచ్చు ఒకటి ఉంటే ఎంత బాగుంటుందోనని నాకు ఒకటే యావ. రైలు కుదుపుకు కుంకుమ చెదరదు, చూడ్డానికీ దర్జా. ధర్మవరంలో మేము చీర నేయించుకున్న ఇంటి ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగితే, మూలన పడేసిన తెల్లటి చిక్కుపట్టు ఒక సంచెడు ఇచ్చింది. రంగు వేయకముందు పట్టుదారం ఉడికిస్తారు కదా, అప్పుడు చిక్కుపడి పనికిరాకుండా పోయినది. అది పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉండేది. ఇంటికి తెచ్చి చిన్న చిన్న ఉండలుగా చుట్టాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. ఆ తేమలోనే అత్త దంచింది, పెట్టెల్లో తానే పోసింది. మొదటిసారి తన చేత్తో పోస్తున్నానని ఆమె తలంటుకుని మరీ కూర్చుంది. నేను ఒక్కో దాని మీద కుచ్చు పెట్టి మూత వేశాను. చివర ఆరు పెట్టెలకు కుచ్చులు చాలలేదు. అప్పటికి అత్తకు నడుం పట్టేయడంతో ఆ ఆరూ నేనే నింపి మూసేశాను. అన్నీ ధర్మవరం పంపాం.

పదిహేను రోజులకు వ్యాపారి సంచితో వచ్చాడు. పెట్టెలు బయటపెట్టి నాలుగైదింటి మూతలు తీశాడు. ఎర్రటి కుంకుమ నడుమ నల్లటి మచ్చ. సరిగ్గా మధ్యలో, గుండ్రంగా. తీసిన అన్నింట్లోనూ అదే.

"ఎవురికీ ఇయ్యలేదు, నేనే ముందు చూసుకుంటి. పెండ్లికూతురి చేతికి పోయింటే ఏమయితాండె చెప్పండి" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే మరీ బాధేసింది.

అత్త తలుపు వెనకనే నిలబడి చూసింది. ఆయన వెళ్ళాక వచ్చి, ఇంక దంచేది లేదన్నట్టు రోటి మీద పలక మూసింది. ఎంత బతిమాలినా తీసేది కాదు. రెండో రోజు ఒక మాట అంది: "మూతేసినంత మాత్రాన దాగుతాదా పాపా? నా చెయ్యి నా చెయ్యే."

కారణం కనుక్కోకపోతే ఈ మనిషి ఇంక పసుపు కొమ్ము ముట్టదు. అంతకంటే ఘోరం, ఆ మాటే నిజమని నమ్ముతూ బతుకుతుంది. పెట్టెలన్నీ ముందేసుకుని కూర్చుని ఒక్కొక్క మూతా తీశాను. ఆరింట్లో మచ్చ లేదు! గంతేసి వంటింట్లోకి పరిగెత్తాను.

"అత్తా, కుచ్చు లేనివి బాగుండాయి. ఇది కుచ్చు పనే!"

ఆమె ఆ ఆరింటినీ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. "ఆ ఆరూ నువ్వు పోసినవి" అంది.

నిజమే. కుచ్చు లేని పెట్టెలూ, ఆమె చేయి తగలని పెట్టెలూ అవే ఆరు. నా లెక్కకూ సాక్ష్యం అదే, ఆమె భయానికీ సాక్ష్యం అదే. నా మీద నాకే చిరాకేసింది. గడియారం విప్పినదాన్ని, ఆ ఆరింట్లో మూడైనా ఆమెతో పోయించి ఉంటే నా సొమ్మేం పోయేది?

మర్నాడు పొద్దున్నే ధర్మవరం రైలెక్కాను. చిక్కుపట్టు ఇచ్చిన ఆవిడ పెరట్లో పెద్ద అండా పొయ్యి మీద ఉంది. కర్రలకు పట్టు చిలపలు, అంటే దారపు కట్టలు, వేలాడదీసి ఉడికిస్తున్నారు. ఒక చేట నిండా తెల్లటి పొడి.

"ఇదేమక్కా?"

"సోడా. ఇది ఏస్తేనే పట్టుకుండే జిగురు వదిలేది. లేకుంటే రంగు పట్టదు."

"మరి తర్వాత కడగరా?"

"కడగకుంటే ఎట్లా? మంచి చిలపల్ని నాలుగు నీళ్ళల్లో జాడిస్తాం."

"నాకిచ్చిన చిక్కుపట్టును?"

ఆమె నవ్వింది. "పారేసేదాన్ని ఎవురు జాడిస్తారమ్మా? అండాలోనుంచి తీసి అట్లే మూలకు ఏస్తాం."

ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. కొంగు చివర పిడికెడు సోడా కట్టుకుని తిరుగు రైలుకు స్టేషన్లో కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ అదేమిటని అడిగితే "మందు" అన్నాను.

ఇంటికి వచ్చి నేరుగా చెప్పలేదు. చెబితే నమ్మదు. పసుపు కొమ్ములు నేనే కొనుక్కొచ్చి, నేనే నానబెట్టి, నేనే ఆరబెట్టి, ఆమె గుమ్మంలో కూర్చుని చూస్తుండగా నేనే దంచాను. "వెలిగారం తక్కువేసినావు" అని ఒకసారి ఆమె నోరు జారింది. అంతకు మించి మాట్లాడలేదు. దగ్గరికి మాత్రం రాలేదు. కుంకుమ తయారయ్యాక ఒక పళ్ళెంలో పోసి ఆమె ముందు పెట్టాను.

"ఇది నువ్వు ముట్టినావా అత్తా?"

"లేదు."

"కొమ్ము ముట్టినావా? రోలు ముట్టినావా?"

"లేదు లేవే, అడిగిందే అడుగుతావు."

చిటికెడు సోడాలో నీటి చుక్క కలిపి, ఆ ఎర్రటి కుంకుమ మీద వేశాను. మేమిద్దరం వంగి చూశాం. అంచు మొదట కమిలింది. తర్వాత ముదురు రంగు మెల్లగా పాకి నల్లటి మచ్చయింది. అచ్చం పెట్టెల్లో ఉన్నటువంటిదే.

అత్త ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను, నవ్వుతుందనుకున్నాను. ఆమె ఆ మచ్చ మీదికి ఇంకొంచెం వంగింది. తల ఎత్తకుండానే అడిగింది: "సోడాకు ఒకదానికేనా, సున్నానికి గూడా ఇట్లే అయితాదా?"

"తెలీదు. పసుపునైతే ఎర్రగా చేస్తాది, కుంకుమను చూస్తామా?"

ఆమె లేచింది. గూట్లో ఉన్న సున్నం వేలి కొసన తీసుకుని వచ్చింది. ఇన్ని రోజుల్లో ఆ పళ్ళేన్ని ఆమె ముట్టడం అదే మొదలు. ఎర్రగా ఉన్న చోట వెతికి, సున్నం వేలిని మెల్లగా ఆనించింది. వేలు తీసేసరికి కింద నల్లగా ఉంది.

ఆమె అక్కడే కూర్చుంది. "నా పెండ్లిలో..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"మా అత్తగారోళ్ళు పంపిన కుంకుమ భరిణె, తాంబూలం సామాన్లు అన్నీ ఒకే మూటలో కట్టినారు. బండి కుదుపుకు సున్నంకాయ మూత ఊడిపోయి సున్నం భరిణె మీదంతా కారిండె. భరిణె నా చేతికిచ్చి తెరవమనిరి. తెరిస్తే నల్లగుండె. అందరూ నా చెయ్యే చూసిరి. ఎవురూ సున్నం దిక్కు చూడలే. నేను గూడా చూడలే పాపా. ఏడాదికి ఆయన పాయె. నీ మొగుడు అప్పటికి కడుపులో ఉండాడు."

ఇరవై ఆరేళ్ళు. ఆ ఇరవై ఆరేళ్ళూ ఆమె తన భర్తను తానే చంపుకున్నాననుకుంటూ, అదే చేత్తో ఊరందరికీ కుంకుమ దంచింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. తన అరచేతిని తెరిచి, అది వేరెవరిదో అయినట్టు తిప్పి తిప్పి చూసుకుంది.

"అయితే అది సున్నమే అంటావా?" అంది.

"సున్నమే అత్తా."

మళ్ళీ అడిగింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆమె ఆ మాట ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ నేను అదే జవాబు చెప్పాను.