చుక్క కారని ఇంజను

మా అన్నయ్యకి లోకంలో అన్నిటికన్నా అసహ్యమైనది నేల మీద ఆయిలు చుక్క. మురుగుకాలవ పక్కన నిలబడి టీ తాగమంటే తాగుతాడు. షెడ్డులో బండి కింద నల్లచుక్క కనిపిస్తే మాత్రం ఆ పూట అన్నం సయించదు. సాయంత్రం షెడ్డు మూసేముందు ప్రతి బండి కిందా తెల్ల కాగితం పరుస్తాడు. పొద్దున్నే మోకాళ్ళ మీద వంగి ఆ కాగితాలు ఒక్కొక్కటే చూస్తాడు. చుక్క పడితే ఆ కాగితం తెచ్చి, ఆ ఇంజను మూసినవాళ్ళ ముందు పెట్టి, "ఛీ, ఇదీ ఒక పనేనా?" అంటాడు. అంతకుమించి ఒక్క మాట అనడు. ఆ ఒక్కదానికే మన చేతులంటే మనకే రోత పుడుతుంది. అందుకే అందరూ ఆయన్ని చుక్క మేస్త్రి అంటారు.

షెడ్డులో పనిచేసేది ఇద్దరమే, ఆయనా నేనూ. పద్దెనిమిదేళ్ళుగా నేను ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. అయినా వచ్చిన ప్రతివాడూ, చేతిలో పానాతో నిలబడ్డ నన్ను చూసి, "మేస్త్రి లేడామ్మా?" అని అడుగుతాడు. ఆదివారాలు రేసు ట్రాక్ మీద కార్లు తిప్పే బాపతు మరీను. వాళ్ళ ఇంజను మీద నా నీడ పడినా మైలపడ్డట్టు చూస్తారు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరు బిగించిన బోల్టు తల మీద వాళ్ళు రంగు గీత పెట్టాలి. ఆయనది తెలుపు, నాది పసుపు. రేపు ఏదైనా ఊడితే నువ్వా నేనా అని వాదన ఉండకూడదని ఆయనే పెట్టాడు.

ఒక సోమవారం పళ్ళడాక్టరు ఎర్ర కారు లారీ మీద వచ్చింది. రెండు నెలల కిందటే ఆ ఇంజను మేమే కొత్తగా కట్టి ఇచ్చాం. వెనకాలే డాక్టరూ, ఆయన తమ్ముడూ దిగారు. తమ్ముడికి ముప్ఫై దాటి ఉంటాయి. అన్నగారి క్లినిక్‌లోనే కూర్చుని చీటీలు రాస్తుంటాడు. ముందురోజు ట్రాక్ మీద కారు నడిపింది అతనే.

"వీడి చేతికి ఇచ్చాను చూడండి, నాది బుద్ధితక్కువ," అన్నాడు డాక్టరు. "ఐదో గేరులోంచి నాలుగులోకి రాబోయి రెండులో పడేసుంటాడు. ఇంజను అరిచి చచ్చింది."

"లేదన్నయ్యా. పెద్ద మలుపులో ఆయిల్ లైటు వెలిగింది. వెంటనే ఆపేశాను. అప్పటికే లోపల కొట్టుకుంటోంది."

"నువ్వు నోరుముయ్యి."

నేనూ డాక్టరు మాటే నమ్మాను. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని ఎంతమందిని చూడలేదు.

ఆయిలు దింపితే వెండిపొడి కలిపినట్టు మెరిసింది. ఫిల్టరు కోసి మడతలు విప్పితే నిండా బేరింగు రేకుల తునకలే. బేరింగు అరిగి చచ్చిందన్నది తెలిసింది, ఎందుకు చచ్చిందో తెలియాలి. పై హెడ్డు విప్పాం. తప్పు గేరు పడి ఇంజను అదుపు తప్పి తిరిగితే, వాల్వులు కిందికి దిగి పిస్టన్ల నెత్తిన చంద్రవంకల్లాంటి గాట్లు పెడతాయి. అన్నయ్య ఒక్కో పిస్టను తుడిచి లైటు వేసి చూశాడు. ఒక్క గాటు లేదు. వాల్వులన్నీ అద్దం పలక మీద దొర్లించాడు. ఒక్కటీ వంగలేదు.

"తప్పు గేరు కాదు," అన్నాడు.

హెడ్డు పట్టుకుని నేను లేతు పనివాళ్ళ దగ్గరికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఇంజను అడుగున ఉండే ఆయిలు తొట్టి దింపేసి ఉంది. అన్నయ్య దాని బోల్టులు కిరసనాయిల్లో వేసి బ్రష్‌తో తోముతున్నాడు. బోల్టులు తోమడం ఎప్పుడూ నా పని. పక్క డబ్బాలో జల్లెడ ఉంది. పంపు ఆయిలు పీల్చేది ఈ జల్లెడలోంచే. సగం కన్నాలు నల్లటి రబ్బరు పురుగుల్లాంటి వాటితో పూడిపోయి ఉన్నాయి. అవి పురుగులు కావు, తొట్టి అంచుకి చుక్క కారకుండా మేం పూసే పేస్టు. మందంగా పూస్తే బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. ఏదో ఒకరోజు తెగి జల్లెడలో పడుతుంది. బజార్లో తిరిగే బండికి సగం జల్లెడైనా సరిపోతుంది. ట్రాక్ మీద సరిపోదు.

"ఇది మన పేస్టే," అన్నాను.

"ఊ."

"అయితే ఆ తమ్ముడు చెప్పిందే నిజం. డాక్టరుకి ఫోన్ చెయ్యి."

"ముందు పని కానీ."

చెయ్యలేదు. డాక్టరే చేస్తే, "ఆయిలు అందలేదండీ," అని ఊరుకున్నాడు. ఎందుకు అందలేదో ఆయన అడగనూలేదు, ఈయన చెప్పనూలేదు. పైగా ఈసారి కూలి వద్దన్నాడు. అవతలాయన, "మీరు దేవుడండీ," అనడం నాకు వినిపించింది. తొట్టి మూసేది ఎక్కువగా ఆయనే. కింద చుక్క పడితే ఛీ, తన తప్పు బయటపడితే ఊ.

తర్వాతి పన్నెండు రోజులూ ఆయనతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఇంజను లోపల తిరిగే ఇరుసు, క్రాంకు మీద, బేరింగు కూర్చునే మూడో మెడ వేడికి నీలంగా కమిలిపోయింది. దాన్ని సాన పట్టించి, సన్నబడిన మేరకి మందం బేరింగులు తెచ్చాం. నలిగే ప్లాస్టిక్ దారం ముక్క మధ్యలో పెట్టి బిగించి, మళ్ళీ విప్పి, ఎంత వెడల్పుగా నలిగిందో కొలిచి, ఎంత సందు ఉందో చూసుకున్నాం. ఆ కొలతలు నేను ముఖం తిప్పుకునే చెప్పాను.

ఒకరోజు ఆగలేకపోయాను. "సిగ్గు లేదా అన్నయ్యా? గుమ్మడికాయ దొంగంటే భుజాలైనా తడుముకుంటారు. నీకు అదీ లేదు. అక్కడ అతను రోజూ మాటలు పడుతున్నాడు."

"టార్క్ రెంచి ఇటివ్వు," అన్నాడు.

పదమూడో రోజు ఆయన ఆయిలు తేవడానికి వెళ్ళాడు. తొట్టి బిగిద్దామని బోల్టుల డబ్బా తీశాను. తలలన్నీ తళతళలాడుతున్నాయి. రంగు జాడ లేదు. తన తెల్లగీతలు తనే తుడుచుకున్నాడన్న మాట అనుకుని ఇంకా అసహ్యించుకున్నాను. రెండు బోల్టులకి మాత్రం తల మధ్యలో ఆరు పలకల గుంట ఉంటుంది. బ్రష్ అందని ఆ గుంటలో, ఒకదాంట్లో, రంగు మిగిలిపోయింది. పసుపు.

ఆ తొట్టి మూసింది నేను. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున కాగితం మీద చుక్క పడుతుందేమోనన్న భయానికి ట్యూబు పొంగిపొర్లేదాకా పిండాను. బయటికి వచ్చినదాన్ని వేలితో నున్నగా దిద్దాను. లోపలికి పోయినదాన్ని చూసిందెవరు?

అన్నయ్య ఆయిలు డబ్బాతో వచ్చి, నా చేతిలో బోల్టు చూసి ఆగిపోయాడు.

"ఎందుకు తుడిచావు?"

"ఇది నీ చేతి పని అని తెలిస్తే ఇక ఒక్కడూ నిన్ను ఇంజను ముట్టుకోనివ్వడు."

"మరి నీ తప్పని చెప్పాల్సింది."

"చెప్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. నోరు రాలేదు." ఆయిలు డబ్బా కింద పెట్టి, "నువ్వంత పేస్టు ఎందుకు పెట్టావో కూడా నాకు తెలుసులే," అన్నాడు.

పన్నెండు రోజులుగా ఆయన మీద ఉమ్మిన అసహ్యమంతా నా మీదికే తిరిగొచ్చింది. కడుక్కుందామన్నా పోయేది కాదు. తొట్టి నేనే మూశాను, ఈసారి దారమంత సన్నగా పేస్టు గీసి. ప్లగ్గులు పెట్టకుండా ఇంజను తిప్పి, ఆయిలు ప్రెషరు ముల్లు లేచాకే స్టార్టు చేశాం. ఇంజను శుభ్రంగా పలికింది.

సాయంత్రం అన్నదమ్ములు వచ్చారు. తమ్ముడు గేటు దగ్గరే నిలబడ్డాడు. మా అన్నయ్య నోరు తెరవకముందే నేను పాత జల్లెడ తెచ్చి డాక్టరు ముందు పెట్టాను.

"తప్పు గేరు కాదండీ. పేస్టు ఎక్కువ పూసి ఆయిలుకి దారి మూసేశాను. నేనే. మీ తమ్ముడి తప్పేం లేదు."

డాక్టరు జల్లెడ వంక చూడలేదు. నా చేతుల వంక చూశాడు. "ఈవిడ చేత చేయించారా మేస్త్రీ?"

"మేమిద్దరం చేశామండీ," అన్నాడు అన్నయ్య.

"అయినా వీడే ఒప్పుకున్నాడు కదా. మొన్న అమ్మ ముందు చెప్పాడు, రెండులో వేశానని."

నేను తమ్ముడి వైపు తిరిగాను. "వెయ్యలేదుగా మీరు?"

"రోజూ అదే అంటుంటే, వేశానేమో అనిపించిందండీ," అన్నాడతను. "ఇప్పుడు ఆ మలుపు తలుచుకుంటే, గేరు రెండులో పడినట్టే కనిపిస్తోంది."

డాక్టరు కారు తాళం అతనికి చాపాడు. అతను తీసుకోలేదు. నా దగ్గరికి వచ్చి, "ఆ జల్లెడ నాకిస్తారా?" అని అడిగాడు. "అమ్మకి చూపించాలి."

శుభ్రమైన గుడ్డలో చుట్టి ఇచ్చాను. దాన్ని చంకలో పెట్టుకుని, కారు వదిలేసి, బస్సు కోసం నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.