వాగు పొంగిన సాయంత్రం ఉగ్గాణి

ఈ పొద్దున బళ్ళారి బస్టాండు దగ్గరి హోటల్లోంచి ఉగ్గాణి తాలింపు వాసన రాగానే నా కాళ్లు ఆగిపోయాయి. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది: నీళ్లలో తడిపి పిండిన బొరుగులు, రోట్లో దంచిన పుట్నాల పొడి, ఊదుగొట్టం, పొగకు మండే కళ్లు.

నాకైతే సిరిగేరిలో మా ఇంటి సాయంత్రం ఒకటి గుర్తొస్తుంది. వడ్లు అమ్మడానికి ట్రాక్టరు మీద వెళ్లిన నాన్న ఇంకా రాలేదు. ఎగువన పడ్డ వానకు దారిలో వాగు పొంగిందని కబురొచ్చింది. అమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. నాన్నను కన్న మా అవ్వ మాత్రం దేవుడి గూట్లో దీపం పెట్టి, వచ్చి బొరుగులు తడపసాగింది.

"నాయన రాకుంటే ఎట్లవ్వా?" అని ఏడ్చాను.

"వాన ఆ స్వామిదే, వాగూ ఆ స్వామిదే, మీ నాయనా ఆ స్వామి బిడ్డేనమ్మా. ఆయప్ప సూస్తానే ఉండాడు. నువ్వు ఎర్రగడ్డలు వొలువు," అంటూ ఉల్లిపాయల బుట్ట నా ముందు పెట్టింది. నాన్న వాటా గిన్నెలో తీసి మూత పెట్టింది.

చీకటి పడే వేళకు నాన్న బురద కాళ్లతో వచ్చాడు. వాగు తగ్గేదాకా అవతలి గట్టునే ఆగిపోయాడట. ఆయన తినడానికి కూర్చున్నాక, అవ్వ దేవుడి గూటి ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

నేను వెళ్లి ఆమె ఒళ్లో దూరాను. "నీకు బయం ల్యాదనుకుంటినే అవ్వా!"

"కన్నదాన్ని, బయం యాడికి పోతాదే? దాన్ని ఆయప్ప చేతికిచ్చి, నేను పొయ్యి కాడ కూసుంటి," అంది.