షుగరు దిగింది, ఖాజా భాయ్ బండి ఎక్కాను

పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా, ప్రాణం నిలబెట్టే చక్కెర నీళ్లను తుపుక్కున ఉమ్మేసి, గ్లాసు పట్టుకొచ్చిన కట్టుకున్న భార్యను "కుట్రదారు" అని తిట్టిన మనిషి ఉంటాడంటే మీరు నమ్ముతారా? నమ్మండి. ఆ మహానుభావుడు నేనే. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు ఇంకో అరగంట ఆలస్యమైతే నా గురించి చర్చిలో వేరేవాళ్లు ఏడుస్తూ చెప్పాల్సి వచ్చేది.

మాది జహీరాబాద్ వైపు. విత్తనాల కంపెనీ ఉద్యోగం నన్ను బీదరు తెచ్చి పడేసింది, అక్కడే దగ్గర్లోని చింతకి ఊరి అమ్మాయి శాంతమ్మతో పెళ్లయింది. పేరు పెట్టినవాళ్లకు ముందుచూపు లేదనుకోండి, అది వేరే కథ. మోటార్ సైకిల్ మీద మన్నాఏఖేళ్ళి నుంచి బసవకళ్యాణ్ దాకా దుకాణాలన్నీ తిరిగి సోయా, కంది విత్తనాలు అమ్మడం నా పని. షుగరు అప్పటికే ఇన్సులిన్ దాకా వచ్చింది.

మొదటి ఘనకార్యం ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో జరిగింది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటారు కదా. నాకు భక్తీ కావాలి, ఇన్సులినూ కావాలి, బువ్వ ఒక్కటే అక్కర్లేదు. డాక్టరమ్మ ఇంజెక్షన్ తప్పొద్దంది కాబట్టి పొద్దున్నే క్రమశిక్షణగా పొడుచుకున్నాను. ఉపవాసం కాబట్టి అంతే క్రమశిక్షణగా మెతుకు ముట్టకుండా వెళ్లి కూర్చున్నాను. మధ్యాహ్నానికి చెమటలు పట్టి, ఊగుతూ, ఏదో గొణగడం మొదలుపెట్టానట. వెనక వరసలో పెద్దాయన "చూడుండ్రి, ప్రార్థనల ఎంత లీనమైండో" అని పక్కవాళ్లకు చూపించాడట. నేను బెంచీ కిందికి జారాకగాని వాళ్లకు అనుమానం రాలేదు. అంతలా లీనమయ్యే అలవాటు మా చర్చిలో ఎవరికీ లేదు.

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కాక కళ్లు తెరిచాను. మా డాక్టరమ్మ కన్నడంలో మొదలుపెట్టి, ఉర్దూలో తిట్టి, తెలుగులో ముగిస్తుంది. నేను ముగింపు దగ్గర లేచాను.

"మోతాదు తగ్గించి రాస్తున్న. కొన్ని రోజులు షుగరు జర ఎక్కువున్నా పరవాలేదు, పడిపోవద్దు. చెమటలొస్తే ముందు మీటరుతోని చూసుకోండి. తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగండి. పావుగంట ఆగి మళ్ల చూసుకోండి. ఎక్కువుంటే నాకు ఫోన్ చేయండి, మీరే డాక్టర్ కావద్దు. షుగరు కుదురుకునే దాంక బండి ముట్టద్దు. అర్థమైందా?"

గంగిరెద్దులా తలూపాను. పాపం, గంగిరెద్దుకు కనీసం విన్నది గుర్తుంటుంది.

శాంతమ్మ ఇంటికి రాగానే బండి తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. "ఏమయ్యా, బండి మీద పోతుంటే గిట్లనే అయితే ఎట్ల? లారీ కింద పడేటోనివి" అంది. అదే సాయంత్రం మా మేనేజరు ఫోను. మృగశిర దగ్గర పడింది, రైతులు విత్తనాల కోసం దుకాణాల ముందు కూర్చునే రోజులు.

"వచ్చే సోమవారం మన్నాఏఖేళ్ళి లైనుకు పోతవా, లేకుంటే ఆ లైను వేరేటోనికి ఇయ్యాల్నా?"

"పోత సార్, పోకేం జేస్త" అన్నాను. లైను పోతే ఉద్యోగం సగం పోయినట్టే. బస్సులో పోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నమూనా సంచులు మోసుకుంటూ ఊళ్లోపలి దుకాణాలన్నీ బస్సులో తిరిగి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

శాంతమ్మతో బేరం పెట్టాను. చాలాసేపు బతిమాలితే ఒక మాట ఇచ్చింది. "వచ్చే ఆదివారం చర్చికెల్లి వచ్చినంక నా ముంగట షుగరు చూసుకో. మంచిగుంటే తాళం ఇస్త. లేకుంటే నీ మేనేజరు వచ్చినా ఇయ్య."

ఇక ఆ వారం నేను వెలగబెట్టిన షుగరు సంరక్షణ చూడాలి! పాము కరిచినవాడు తాడును చూసి భయపడతాడంటారు. నేనైతే తాడు కనపడితే చాలు, ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాణ్ణి. బెంచీ కింద పడిన భయం గుండెల్లో అలాగే ఉంది. చెమట పడితే బెల్లం, కాలు తిమ్మిరెక్కితే బిస్కెట్లు, ఆవులింత వస్తే పోలె, అదే బొబ్బట్టు. వాన రాకముందు బీదరులో గోడలకు కూడా చెమట పడుతుందని నాకు తట్టలేదు. మీటరుతో చూసుకోమన్నారు కదా అంటారా? వేలు పొడుచుకుంటే నొప్పండీ. బెల్లం తింటే నొప్పి లేదు.

బెల్లం ఎక్కడిదంటే, నా బావమరిది యేసుదాసు చింతకి నుంచి నన్ను పరామర్శించడానికి వస్తూ ఒక పెద్ద ముద్ద తెచ్చాడు.

"బావా, ఇది మందులు గొట్టని చెరుకుది. మనసు తీరా తిను."

"షుగరు పెరగది గదా?"

"అరె, షుగరు పెరిగేది చక్కెరతోని బావా. ఇది బెల్లం!"

ఇంత శాస్త్రం తెలిసినవాడు ఊళ్లో ఉండగా డాక్టరమ్మకు ఊరికే ఫీజు కట్టామే అని బాధపడ్డాను.

ఆదివారం వచ్చింది. ఆరాధన ముగిశాక శాంతమ్మ ఆడవాళ్లతో మాట్లాడుతూ చర్చి దగ్గరే ఆగింది. నేను ముందే ఇంటికొచ్చి, ఎందుకైనా మంచిదని మీటరు తీసి చూసుకున్నాను. మూడు వందల ఎనభై! మీటరు తప్పేమోనని చెయ్యి కడుక్కుని మళ్లీ చూశాను. మీటరు తన మాట మీదే నిలబడింది.

తాళంచెవి పోయింది, లైను పోయింది అనుకున్నాను. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే బెల్లం సంగతి చెప్పాలి. అందుకని నేనే డాక్టరైపోయి, భోజనం ముందు వేసుకునే ఇంజెక్షన్ ఒకటి వేసుకున్నాను. అరగంట ఆగి చూస్తే మూడు వందల అరవై. మందు బద్ధకిస్తోందనుకుని ఇంకొకటి. కాసేపటికి ఇంకొంచెం తగ్గింది గానీ తాళంచెవి ఇచ్చేంత తగ్గలేదు. ఇంకొకటి. మొక్కకు మూడు బిందెలు పోస్తే సాయంత్రానికి పండు కాస్తుందనుకునే రైతు కూడా నాకంటే తెలివైనవాడే.

శాంతమ్మ వచ్చి, వంట దించి, నన్ను కూర్చోబెట్టి తనే వేలు పొడిచి చూసింది. నూట నలభై! ఆమె ముఖం వెలిగిపోయింది.

"నా మొగనికి బుద్ధొచ్చిందిరా దేవుడా! ఇగో, తీసుకో. తిని పో."

"వచ్చి తింట. బండి ముట్టక శానా దినాలాయె, జర తుడిచి ఒక్క సుట్టు తిప్పుకొస్త."

బయటికొచ్చి, పాత గుడ్డతో బండి మురిపెంగా తుడవసాగాను. ఒళ్లంతా చెమటలు పట్టాయి. వారం పొడుగునా ప్రతి చెమట చుక్కకూ బెల్లం తిన్న నేను, అసలు చెమట వచ్చిన రోజు మాత్రం "ఎండ బాగా ఉంది" అనుకున్నాను.

ఆ తర్వాతిదంతా వీధివాళ్లు చెప్పిందే. బండెక్కి తాళంచెవి పెడుతున్నానట, అది దూరడం లేదు. బండిని తిడుతున్నాను, బతిమాలుతున్నాను, దాని ట్యాంకు మీద చెయ్యేసి నిమురుతున్నాను. అంతలో పక్కింటి ఖాజా భాయ్ బయటికొచ్చాడు.

"అరె భాయ్, ఏం జేస్తున్నవ్? అది నా గాడీ!"

"నీదెట్లయితది? తాళంచెవి నా చేతిలున్నది."

"నీ గాడీ పక్కకున్నది సూడు. దిగు."

"మార్చినవ్! నాకు తెల్వదనుకున్నవా? మన్నాఏఖేళ్ళి లైను గుంజుకుందామనే గదా!"

ఖాజా భాయ్‌ది పరుపుల దుకాణం. విత్తనాలతో ఆయనకున్న సంబంధమల్లా దూదిలో మిగిలిపోయే గింజే. అయినా నేను పోలీసులను పిలుస్తానని బెదిరించాను. ఆయన బండి మీద కూర్చుని, ఆయన్నే దొంగ అన్నాను. ఆయన కోపంగా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అది వణుకుతోంది, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆయన కోపం అక్కడే చచ్చిపోయింది.

"భాభీ! జల్దీ రా! భాయ్‌కు ఏమో అయితాంది!"

శాంతమ్మ నన్ను చూడగానే లోపలికి పరుగెత్తి చక్కెర నీళ్లు కలుపుకొచ్చింది.

"తాగు."

"నేను తాగ! షుగరు పెరిగితే తాళం గుంజుకుంటవ్. కుట్ర!"

"తాళం నీ దగ్గర్నే ఉంచుకో, ముందుగాల తాగు!"

ఒక గుక్క నోట్లో పోస్తే ఉమ్మేశాను. శాంతమ్మ ఏడ్చేసింది. "నాకు బండి వద్దు, నీ నౌకరి వద్దు. నువ్వుంటే చాలయ్యా. నీ కాళ్లు మొక్కుత, తాగు" అంది. అంత మబ్బులోనూ ఆ మాట నాకు వినపడింది, ఇప్పటికీ వినపడుతుంది. కానీ మూర్ఖత్వం ఊరికే పోదు కదా, మూతి బిగించే ఉంచాను.

అప్పుడు ఖాజా భాయ్ మెల్లగా నా చెవి దగ్గర వంగాడు. "భాయ్, ఈ గిలాస తాగితే గాడీ నీకే ఇచ్చేస్త. ఖుదా కసమ్."

గడగడా తాగేశాను.

పావుగంటకు చూస్తే ఇంకా తక్కువే. ఇంకో గ్లాసు పట్టారు. కొంచెం తేరుకోగానే అన్నం తినిపించి, ఆటోలో డాక్టరమ్మ దగ్గర పడేశారు. మూడు ఇంజెక్షన్ల కథ అక్కడ బయటపడింది. ఈసారి ఆమె తెలుగులోనే మొదలుపెట్టింది.

"ఒక్కసారి ఏసుకున్న మందు మూడు నాలుగు గంటలు పనిచేస్తనే ఉంటది. మీరు ఒకదాని మీద ఒకటి ఏసుకుంటే అన్నీ కలిసి మీద పడ్డయి. నూట నలభై అంటే షుగరు అక్కడ ఆగిందని కాదు. దిగుతుంటే నడుమల కనపడ్డది, అంతే."

"బెల్లం తిన్న మేడమ్" అన్నాను గొంతు తగ్గించి.

శాంతమ్మ ఆ రోజే మిగిలిన బెల్లం ముద్దను తమ్ముడికి తిరిగి పంపింది, దాంతోపాటు నాలుగు మాటలు కూడా. ఆ మాటలు బెల్లంలా లేవని యేసుదాసు తర్వాత చెప్పాడు.

సోమవారం పొద్దున లైను పోయినట్టేనని గుమ్మంలో దిగులుగా కూర్చున్నాను. ఇంటి ముందు హారను మోగింది. ఖాజా భాయ్.

"ఎక్కు భాయ్, మన్నాఏఖేళ్ళి పోదాం. ఈసారి ఎనుక కూసో."

శాంతమ్మ నా సంచిలో మీటరు, చక్కెర పొట్లం, టిఫిన్ డబ్బా పెట్టింది. ఖాజా భాయ్ ఆ వారమంతా పరుపుల దుకాణం తమ్ముడికి అప్పగించి నన్ను తిప్పాడు. లైను నిలబడింది. షుగరు నిలబడడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది. డాక్టరమ్మ మోతాదు మార్చుకుంటూ వస్తే, నేను నోరు మూసుకుని పాటిస్తే కుదిరింది. ఆ ఆదివారమే మళ్లీ కొంగెక్కిన తాళంచెవి ఆ తర్వాతే కిందికి దిగింది.

కాబట్టి బీదరు కోట బురుజుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంజెక్షన్ వేసుకుని పస్తులుండను. వేలు పొడుచుకోకుండా బెల్లం ముట్టను. నాకు నేనే డాక్టరును కాను. శాంతమ్మ చక్కెర నీళ్లిస్తే మారు మాట్లాడకుండా తాగుతాను. పరాయివాడి బండి తుడవను.

నా ప్రమాణం ఖాజా భాయ్‌కి కూడా వినిపించాను. "షాబాష్ భాయ్" అని భుజం తట్టి, తన బండి తాళంచెవి తీసి జేబులో వేసుకుని, పైన బొత్తం కూడా పెట్టుకున్నాడు.

"ఏం భాయ్, నా మీద ఇంకా నమ్మకం లేదా?" అని నొచ్చుకున్నాను.

"నీ మీద పూరా నమ్మకమున్నది భాయ్" అన్నాడు. "నీ షుగరు మీదనే లేదు."