చివరి కోట

కొత్తగూడ గదిలో లోహిత్ నెల రోజులుగా గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆన్‌లైన్ దుకాణం మూతపడి, అందులో కొన్న ముప్పై కంప్యూటర్ ఆటలూ పోయాయి. మళ్లీ కొనాలా, వద్దా? అతనితో గదినీ కంప్యూటర్నీ పంచుకునే నర్సింగ్ మాత్రం మొదటినుంచీ డిస్కులే కొనేవాడు. “పాత సామాను” అని ఒకప్పుడు నవ్విన లోహిత్ ఇప్పుడు ఆ డిస్కుల అర వైపు చూడకుండా తిరుగుతాడు. తెలంగాణ బంద్ నాడు ర్యాలీకి పోతూ నర్సింగ్, “మళ్ల కొనుడెందుకు? నా డిస్కులున్నయి గద, ఆడుకో” అన్నాడు.

“నాకు ఆటల మీద మోజు పోయిందిలే” అన్నాడు లోహిత్. నర్సింగ్ మెట్లు దిగాక, తాను పోగొట్టుకున్న ఆటల్లో ఒకదాని డిస్కు తీసి కంప్యూటర్లో పెట్టాడు. తెర మీద నర్సింగ్ పేరు కనిపించింది. ఆ ఆటలో లోహిత్ ఎన్నడూ దాటలేకపోయిన చివరి కోటను నర్సింగ్ దాటేశాడు. లోహిత్ ఆ పేరును, అతను ఆడినదంతటినీ కంప్యూటర్లోంచి చెరిపేశాడు. తర్వాత డిస్కును చొక్కా అంచుతో మరక లేకుండా తుడిచి, తీసిన చోటే పెట్టాడు.