ఆదివారం అనకూడని మాట

నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. రాష్ట్రం విడిపోయిన రెండు మూడేళ్లకి ఓపెన్ స్కూల్ క్లాసులు కూడా నా నెత్తిన పడ్డాయి. మధ్యలో చదువు మానేసిన పెద్దవాళ్లకి ఆదివారాలు పదో తరగతి పాఠాలు చెప్పాలి. శ్రీకాకుళంలో బస్సెక్కి, శ్రీకూర్మం దాటాక ఆటో మారి, చివర్లో చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో నడిస్తే ఆ సముద్రపొడ్డు బడి వస్తుంది. ఆదివారం కునుకు తియ్యాల్సిన మనిషిని ఇసుకలో నడిపిస్తే కోపం రాదా? నాకు మామూలు రోజుల్లోనే ముక్కు మీద ఉంటుంది.

క్లాసుకి తొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చేవారు. అందరూ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే వాళ్లే. వాళ్లలో ఒకామెకి ముప్ఫై నాలుగేళ్లు. భర్త వేటకెళ్లి సముద్రంలో పోయాడు. వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అవుతోంది. దానికి పది పాసవ్వాలి, వయసు ముప్ఫై అయిదు దాటకూడదు. మిగతావన్నీ పాసైంది గానీ సోషల్ మాత్రం రెండుసార్లు పోయింది. ఈసారీ పోతే ఇక ఆ పోస్టు మాట మరచిపోవడమే.

"మెడ నరం లాగేస్తన్నాది మేడమ్మా. ఈ గంప ఇంక మొయ్యలేను," అంది నాతో మొదటి రోజే.

సరే, ఈమెని గట్టెక్కించాల్సిందే అనుకున్నాను. నా పద్ధతి నాకుంది. వచ్చే ప్రశ్నలు ఏరి, జవాబులు పాయింట్లుగా బోర్డు మీద రాసి, బట్టీ పట్టించడం. ఆ ఏడు తప్పక వస్తుందని నేను పందెం కాసిన ప్రశ్న ఇది: యూరప్‌లో ప్రజలు రాజుల మీద ఎందుకు తిరుగుబాటు చేశారు?

నిరంకుశత్వం, విప్లవం, జ్ఞానోదయ యుగం అని రాసుకుంటూ పోయాను. "జ్ఞానోదయం బుద్దుడికి గదా అయినాది? మొన్నే సెప్పారు," అంది వెనక బెంచీలో ఒకామె. అది వేరు, ఇది వేరు అని కసిరాను. ఎవరికీ ఏమీ ఎక్కడం లేదని తెలుస్తూనే ఉంది. సులువుగా చెబుదామని, "ఏం లేదమ్మా, జనం రాజు మీద తిరగబడ్డారు, అంతే," అన్నాను.

గదిలో ఒక్కసారిగా అందరూ బిగుసుకుపోయారు. ఒకామె పుస్తెలు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఇంకొకామె లేచి కిటికీ దగ్గరికెళ్లి సముద్రం వైపు చూసింది.

"ఆ మాట అనీకండి మేడమ్మా. బోట్లు నీటి మీదున్నాయి," అంది ఆమె అక్కడి నుంచే.

పుస్తకంలో ఉన్న మాట అనొద్దంటే ఎలాగని నోరు చేసుకోబోయాను. అప్పుడు తట్టింది. నాకు తిరగబడేది జనం. వాళ్ల ఇళ్లలో తిరగబడేది బోటు. మగవాళ్లు వేటలో ఉండగా ఆ మాట పెదవి దాటనివ్వరు. ముందు బెంచీలో, సోషల్ రెండుసార్లు పోయిన ఆమె తల వంచేసుకుని ఉంది. భర్తని ఆ మాటే తీసుకుపోయింది. నాకు నిజంగా సిగ్గేసింది.

డస్టరు తీసుకుని బోర్డు మీద ప్రశ్నలోని తిరుగుబాటుని కూడా చెరిపేశాను. మరి ఏమనాలి? ఆలోచించి, "రాజు మాటకి ఎదురు చెప్పారు," అన్నాను. ఆమె తలెత్తింది.

"అంతకుముందు ఎందుకు సెప్పలేదు మరి?"

పన్నులు, రొట్టెల కరువు, ఏ పన్నూ కట్టని ప్రభువులు, మఠాధిపతులు అని నా పాయింట్లు అప్పగించాను. ఆమె తలూపలేదు.

"అయ్యన్నీ ఎప్పుడూ ఉన్నయ్యే గదా మేడమ్మా. ఆకలి కొత్తగా వొచ్చినాదేటి?"

పద్దెనిమిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఒక్కరూ ఇలా అడగలేదు, నాకూ ఆ అనుమానం రాలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, నాకు తెలిసినంతలో చెప్పాను. రాజుని దేవుడే కూర్చోబెట్టాడని అందరూ నమ్మారు. తండ్రి చెబితే పిల్లలు వినాలి, రాజు చెబితే జనం వినాలి. తర్వాత కొందరు, ఎవరు చెప్పారు ఈ సంగతి, ఎవడైనా తల్లి కడుపులోంచి పెద్దరికంతో పుడతాడా, అని రాయడం మొదలుపెట్టారు. చదవొచ్చిన వాళ్లు రానివాళ్లకి కాఫీ కొట్లలో చదివి వినిపించారు. అలా అడగొచ్చని తెలిశాక, పాత ఆకలి పాతదిలా అనిపించలేదు.

"ఆ రాజు సెడ్డోడా?"

"చెడ్డవాడేం కాదు. తాళాలూ తాళంచెవులూ చేసుకుంటూ కూర్చునే మెతక మనిషి."

"అయితే ఇంకా కష్టం గదా. మంచోడికి ఏటని ఎదురు సెప్తారు?" అంటూ ఏడ్చేసింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాళ్ల ఊరిపెద్ద ఆమెకి వరసకి మావ. తండ్రి తర్వాత కొడుకుగా వచ్చిన పెద్దరికం. పెద్దలు కూర్చుని ఏం తేల్చినా చివరి మాట ఆయనదే. ఆడవాళ్లు దూరంగా నిలబడి వినాలి. ఈమె భర్త బోటు రానప్పుడు మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా వెతికి, శవాన్ని ఒడ్డుకి తెచ్చింది ఆయనే. ఇప్పుడు ఆ పోస్టు తన కోడలికి కావాలన్నాడు. "ఈ యేడు పరీచ్చ మానీమ్మా, నీకు ఇంకోటి సూస్తాను," అని కబురు పంపాడు. బెదిరించలేదు, అరవలేదు. మంచిగానే చెప్పాడు.

ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను, అంతే.

హాల్ టికెట్లు ఇచ్చిన ఆదివారం ఆయనే బడికి వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన తువ్వాలు, చేతిలో నాకోసం తెచ్చిన వంజరం చేప. గుమ్మంలో ఆయన్ని చూడగానే క్లాసంతా లేచి నిలబడింది. నేనూ కుర్చీలోంచి లేచాను.

"మేడంగారూ, ఆయమ్మకి మీరైనా సెప్పండి," అన్నాడు మెల్లగా.

ఆమె ఒక్కతే లేవలేదు. హాల్ టికెట్ అరచేతి కింద నొక్కిపెట్టి ఉంది.

"కూకో మావా," అంది. "నువ్వు నా పెనిమిటిని ఇంటికి తెచ్చినావు. సచ్చిందాకా మరిసిపోను. గానీ పరీచ్చ రాస్తాను. నీ కోడలూ అప్లికేషన్ పెట్టుకుంటాది, నానూ పెట్టుకుంటాను. ఎవులికొస్తే ఆలు సేస్తారు."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పిల్లల బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"ఇదంతా నీకెవులు సెప్పారే?"

"ఎవులూ సెప్పలేదు మావా. నానే అడిగినాను."

ఆయన నా వైపు చూశాడు. నేనే చెప్పానండీ అనాలి కదా? నేను అటెండెన్స్ రిజిస్టరు తిరగేశాను. కాసేపటికి ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, చేపని బల్ల మీదే వదిలి వెళ్లిపోయాడు. తన వాళ్ల నోట కాదన్న మాట వినడం ఆయనకి బహుశా అదే మొదటిసారి. ఇసుకలో నడిచి వెళుతున్న ఆ ముసలాయన్ని చూస్తే జాలేసింది.

ఆమె ఆ ఏడు సోషల్ పాసైంది. పోస్టూ ఆమెకే వచ్చింది. ఆ కబురు విన్నప్పుడు నాకే వచ్చినంత సంబరపడ్డాను. కానీ ఆయన బడికొచ్చిన ఆ ఆదివారం గురించి ఇంకొక్క మాట చెప్పాలి.

క్లాసయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఆమె మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. దెప్పడానికి కాదు, పాఠంలో అర్థం కానిది అడిగినట్టే అడిగింది.

"ఆయన మాకు పెద్ద మేడమ్మా. మీకు ఏటీ కాడు గదా. మీరెందుకు లెగిసినారు?"