మేమిద్దరమూ గెలిచిన కేసు

మా పక్కచేను పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్ను మూసింది. విరుదునగరు ఆసుపత్రిలో నేను డ్యూటీ ఎక్కి అరగంట కూడా కాలేదు, ఆమె పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పాయ. నువ్వు వచ్చినాకనే నీళ్లు పోసేది. బెరీన రా" అన్నాడు. ఆ మాట అన్నది ఎవరో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు నన్ను జైలుకు పంపితే గానీ ఊరుకోనన్న మనిషి అతను. అలా అనడానికి అతనికి కారణం ఉంది. వాళ్లమ్మ కుడిచెయ్యి పాడుచేసింది నేనే.

మాది కోవిల్‌పట్టికి తూర్పున ఒక నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా చేనికీ వాళ్ల చేనికీ మధ్య మూరెడు గట్టు, అదొక్కటే సంబంధం. ఒట్టపిడారం వైపు నుంచి కోడలిగా వచ్చి, మొగుడు పోయాక ఇద్దరు కొడుకులనూ, ఆ మెట్టచేనునూ, ఒక మేకల మందనూ ఒక్కతే సాకింది. గట్టు మీద కూర్చుంటే తన సజ్జగంజిలో సగం నాకు పోసేది. నేను నర్సు చదువుకు పోతానన్నప్పుడు, ఆడపిల్లను అంత దూరం పంపనన్న మా నాయనను ఒప్పించింది కూడా ఆమే.

ఆ గొడవ జరిగిన యేడు వాన ఆలస్యమైంది. మినుము ఒక్కటే నిలబడింది. నాయన నడుం నొప్పితో మంచం పట్టాడు. నాది ఆఖరి ఏడాది చదువు. సెలవులకు వచ్చి గట్టు మీద గడ్డి కోస్తున్నాను. ఆ వారంలో మూడోసారి పెద్దమ్మ మేకలు మా చేలో పడ్డాయి. పూత మీదున్న మినుము కళ్లముందే పోతోంది. నేను అరిచాను, ఆమె కూడా అరిచింది. ఏమేం అనుకున్నామో ఇప్పుడు గుర్తు లేదు. చేతిలో ఉన్న కొడవలి విసిరాను. ముఖానికి తగలకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కుడిచేతి చివరి రెండు వేళ్లూ నరాలు తెగి వేలాడాయి. కుట్లు వేసి అతికించారు గానీ ఆ వేళ్లు మళ్లీ వంగలేదు.

పోలీసు కేసు అయింది. ఆయుధంతో తీవ్రంగా గాయపరిచానని రాశారు. మేకల మీదికి విసిరితే పొరపాటున తగిలిందని నేను అందరికీ చెప్పాను. పోలీసులకూ, వకీలుకూ, మా అమ్మకూ. చెప్పగా చెప్పగా నాకే అది నిజమనిపించసాగింది.

చదువు పూర్తయింది, సర్కారు ఆసుపత్రి ఉద్యోగానికి ఎంపికయ్యాను. కేసు తేలేదాకా చేర్చుకోం అన్నారు. కోవిల్‌పట్టి కోర్టులో వాయిదా మీద వాయిదా. మా ఊరి నుంచి పొద్దుటి బస్సు ఒక్కటే. కోర్టు పిలిచినా పిలవకపోయినా పెద్దమ్మ ప్రతి వాయిదాకూ ఆ బస్సు ఎక్కేది. ఆమె ముందు, నేను వెనక. మూడేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పోయి వచ్చాం. నా మీద కసితోనే వస్తోందనుకున్నాను.

ఒకనాడు బస్సు నిండిపోయి ఇద్దరం పక్కపక్కనే నిలబడాల్సి వచ్చింది. డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. ఆమె చెయ్యి కమ్మీ మీద నుంచి జారింది. మూడు వేళ్ల పట్టు ఏపాటిది. పడబోతుంటే భుజం పట్టుకున్నాను. కోవిల్‌పట్టి దాకా వదల్లేదు. ఆమె కూడా విదిలించుకోలేదు. బస్టాండులో దిగి ఆమె పోబోతుంటే, అనుకోకుండానే నా నోటి నుంచి మాట వచ్చేసింది.

"పెద్దమ్మా, మేకల మీదికి కాదు. నీ మీదికే యిసిరినా."

ఆమె ఆగి నావైపు తిరిగింది.

"నాకు తెలీదా? ఎదురుగా నిలబడిండింది నేనే కదా" అంది. "ఈ మాట నీ నోట ఇనాలనే వాయిదా వాయిదాకీ వస్తా ఉండాను. సరి, రా, కాపీ తాగుదాం."

నేను కాఫీ తాగలేదు, ఏడ్చాను. ఆమె తన గ్లాసు తాగి, నాదీ తాగింది.

బాధితురాలే వద్దంటే కేసు పోతుందనుకున్నాం. వకీలు తల అడ్డంగా ఊపాడు. నోటి తగాదా అయితే కింది కోర్టులోనే రాజీ చేసుకోవచ్చు, ఆయుధంతో గాయపరిచిన కేసుకు అలా కుదరదు అన్నాడు. తేలిక దారి కూడా ఆయనే చెప్పాడు. సాక్ష్యం రోజున పెద్దమ్మ బోనెక్కి, కొడవలి మీద తనే జారిపడ్డానని అంటే చాలు. కేసు దానంతట అదే వీగిపోతుంది. చాలామంది చేసేది అదేనన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. పెద్దమ్మ మాత్రం లేచి నిలబడింది.

"ఈ బిడ్డ మూడేండ్లకి ఒక నిజం చెప్పె. ఇప్పుడు నేను అబద్దం మొదులు పెట్టేదా? అది కొట్టింది నిజం. నాకు కోపం పోయింది నిజం. రెండూ చెప్పే చోటు ఉంటే చెప్పయ్యా, ఆడికే పోదాం."

అలాంటి చోటు మదురైలో ఉంది, హైకోర్టు బెంచి. ఇద్దరమూ రాజీపడ్డామని ప్రమాణపత్రాలు వేసి జడ్జి ముందు స్వయంగా నిలబడాలి. రాజీ మనస్ఫూర్తిగా జరిగిందనీ, ఇది ఇద్దరి మధ్య తగాదాయే గానీ ఊరికి ముప్పు కాదనీ జడ్జికి నమ్మకం కుదిరితే కేసు మొత్తం కొట్టివేయవచ్చు. కుదరకపోతే కోవిల్‌పట్టిలో విచారణ సాగుతుంది, పెద్దమ్మ అబద్ధం చెప్పదు కాబట్టి నాకు శిక్ష ఖాయం. వకీలు ఈ సంగతి దాచకుండా చెప్పాడు. రెండు రోజులు ఆలోచించి సరేనన్నాను. అంత భయపడుతూ చేసిన పని నా బతుకులో మరొకటి లేదు.

ఆమె పెద్దకొడుకు మండిపడ్డాడు. మాకు అన్నం పెట్టిన చెయ్యి అది, క్షమించడానికి నువ్వెవరు అని తల్లిని అడిగాడు. "చెయ్యి నాది. కోపమూ నాదేరా. ఎప్పుడు వదలాల్నో నేను చెప్తా" అని ఆమె జవాబు. అతను ఆ రోజు నుంచి నాతో సరే, తల్లితో కూడా ముభావంగా ఉండిపోయాడు.

పత్రం సిద్ధమయ్యాక వకీలు చదివి వినిపించాడు. పెద్దమ్మ కళ్లు మూసుకుని విని, మేకల మాట ఏదని అడిగింది. తన మేకలు మూడుసార్లు మా చేలో పడ్డ సంగతి, తను కట్టెయ్యని సంగతి రాయలేదేమని. కోర్టుకు అది అవసరం లేదన్నాడాయన. తనకు అవసరం అంది. అదీ చేర్చాక ఎడమచేత్తో సంతకం పెట్టింది. గాయం తర్వాత ఆ చేత్తో రాయడం కొత్తగా నేర్చుకుంది. అక్షరాలు కొంచెం వాలి ఉండేవి, కానీ తొందర పడకుండా చివరిదాకా పూర్తిగా రాసేది.

మదురైలో మా వంతు వచ్చింది. జడ్జి తమిళంలో పెద్దమ్మను అడిగాడు, ఎవరు కొట్టారని. ఆమె నన్ను చూపించింది. ఎవరైనా బెదిరించారా అంటే, తనను బెదిరించే మనిషి తమ ఊళ్లో ఇంకా పుట్టలేదంది. మరి కేసెందుకు వద్దంటున్నావు అన్నాడు. కోపం ఉన్నన్నాళ్లూ నడిపించాను, ఇప్పుడది లేదు, కోపం లేని కేసు ఎవరికి ఉపయోగం అని ఎదురడిగింది. వంగని వేళ్లను ఎత్తి చూపించి, ఈ పిల్ల జైల్లో కూర్చుంటే ఇవి వంగవు, ఆసుపత్రిలో నిలబడితే పదిమంది చేతులకు కట్లు కడుతుంది అంది.

జడ్జి నావైపు తిరిగాడు. మాట్లాడొద్దని వకీలు కళ్లతోనే సైగ చేశాడు. మాట్లాడాను. నేనే విసిరాను, ఆమె మీదికే విసిరాను, మూడేళ్లు అబద్ధం చెప్పాను అన్నాను. పెద్దమ్మ నావైపు వంగి, అక్కడ ఇంకెవరికీ అర్థం కాని మా ఇంటి తెలుగులో మెల్లగా అంది.

"బాగా చెప్పినావు. తల ఎత్తుకోని నిలబడు."

నిలబడ్డాను. కాసేపటికి జడ్జి ఉత్తర్వు చెప్పాడు. కేసు కొట్టివేశారు.

బయటికి వచ్చాక పెద్దమ్మ వకీలును మూడుసార్లు అడిగింది. అంతా పోయిందా, పోలీసు స్టేషన్లో కూడా పోయిందా, ఈ బిడ్డ ఉద్యోగానికి ఇంక అడ్డం లేదా అని. మూడుసార్లూ లేదని విన్నాక అప్పుడు నవ్వింది. కోర్టు ఆవరణలో జనం తిరిగి చూసేంత నవ్వు. దారిలో విరుదునగరులో దిగి నూనె పరోటా తిందామంది. మూడు వేళ్లతో పరోటాను చీల్చే పనితనం ఆమెది, చూసి తీరాల్సిందే. కోవిల్‌పట్టిలో రెండు కిలోల వేరుశనగ అచ్చు కొని, ఊళ్లో టీకొట్టు దగ్గర అందరికీ పంచింది. కేసు గెలిచినామని చెప్పింది. గెలిచింది నువ్వా, ఆ పిల్లా అని ఎవరో అడిగారు.

"మేమిద్దరమూ" అంది పెద్దమ్మ.

ఆ నెల తిరక్కుండానే ఉద్యోగంలో చేరాను. పెద్దమ్మ ఏడాదికి రెండుసార్లయినా ఒంట్లో బాగాలేదని వచ్చేది. చాలాసార్లు ఒంట్లో బాగానే ఉండేది. వార్డులో ఉన్నవాళ్లందరికీ నన్ను చూపించి, నా చెయ్యి నరికింది ఇదే, సూది మాత్రం నొప్పి లేకుండా వేస్తుంది, భయపడొద్దండి అని ధైర్యం చెప్పేది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. తర్వాత ఆ పరిచయం కోసం ఎదురుచూడటం అలవాటైంది. ఊరికి పోయినప్పుడల్లా ఆమె రెండు వేళ్లకూ నూనె రాసి, మెల్లగా వంచి చూసేదాన్ని. "దాని పాటికి దాన్ని వదులు, నీ కత చెప్పు" అనేది.

పెద్దకొడుకు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. భార్యకు నొప్పులు మొదలై కాన్పు కష్టమైనప్పుడు, ఎక్కడికి తీసుకుపోవాలని తల్లిని అడిగాడట. తల్లి ఏం చెప్పి ఉంటుందో మీరే ఊహించగలరు. బిడ్డను కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చి అతని చేతుల్లో పెట్టాను. బిడ్డను చూశాడు, నన్ను చూశాడు, "తిన్నావా" అని అడిగాడు. మా వైపు అంతకంటే పెద్ద రాజీ మాట లేదు.

మంగళవారం నేను పోయేదాకా వాళ్లు నిజంగానే ఆగారు. కూతురు చెయ్యాల్సిన పనులన్నీ నాచేత చేయించారు. అందరూ ఏడ్చారు. కానీ నాకు ఏడుపుతో పాటు ఏదో గర్వం కూడా కలిగింది, దాచుకోను. అబద్ధం ఆడితే సులువుగా తేలిపోయే చోట, నిజం చెప్పి గెలిచిన మనిషి పక్కన నిలబడ్డాను నేను.

మదురై నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే ఇప్పుడు మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. మేం రోడ్డు మీద బస్సు దిగేసరికి వాన వెలిసింది. ఊరికి అడ్డదారి చేల మధ్య నుంచే. చెప్పులు చేత పట్టుకుని పెద్దమ్మ ముందు నడుస్తోంది. తడిసిన రేగడి ఆమె అరికాళ్లకు పట్టి, అడుగు అడుగుకూ మందమవుతోంది. ఆ మట్టి మీద ఆ పొట్టి మనిషి కొంచెం కొంచెంగా పొడుగవుతూ, ఊగుతూ, ఎక్కడా ఆగి కాళ్లు దులుపుకోకుండా పోతోంది. పడమటి వెలుగులో ఆమె నీడ రెండు చేలనూ దాటి చాలా దూరం పడింది.